కొట్టంలో సీనియారిటీ

పుదుచ్చేరి ముదలియార్‌పేటలో కె. సుబ్బరాయలు ఇంటి వెనక కొట్టంలో మూడు ఆవులుండేవి. మూడింటికీ సీనియారిటీ ఉండేది. మొదటిది లచ్చిమి, రెండోది కావేరి, మూడోది చిట్టి. కొట్టం తలుపు పక్కన తగిలించిన పలక మీద సుబ్బరాయలు ఈ వరసను సుద్దముక్కతో తమిళంలో రాసిపెట్టాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ తెలుగు అక్షరాలు ఆ వంశంలో ఎవరికీ పట్టుబడలేదు. ఆవులకు ఏ అక్షరాలూ రావు కాబట్టి వాటి వైపు నుంచి అభ్యంతరమేమీ లేకపోయింది.

వరస అంటే అన్నింటికీ వరసే. తెల్లవారి అయిదింటికైనా, మధ్యాహ్నం రెండున్నరకైనా పాలు పితకడం లచ్చిమితో మొదలు కావాలి. కుడితి ముందు లచ్చిమికి. నీళ్లు పోసి కడగడం ముందు లచ్చిమిని. ఒక ఎండాకాలం చిట్టి దాహానికి తాడు తెంచుకున్నంత పని చేస్తే, సుబ్బరాయలు బకెట్టు పట్టుకుని దాని మూతి ముందు నుంచే నడిచి వెళ్లి లచ్చిమికి పెట్టాడు. లచ్చిమికి ఆ పూట దాహం లేదు. మూతి ముంచి, ముక్కు చీదింది. అయినా వంతు వంతే. తర్వాత కావేరికి, ఆ తర్వాతే చిట్టికి.

ఇదేం పిచ్చి అని వీధిలో వాళ్లు ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. పిచ్చి కాదు. దాని వెనక కథ ఉంది. సుబ్బరాయలు ముప్పై ఏళ్లు నూలుమిల్లులో పనిచేశాడు. అక్కడ మేస్త్రీ పని ఒకటి ఖాళీ అయినప్పుడు న్యాయంగా అది ఆయనకు రావాలి. పై అధికారి దాన్ని తన బావమరిదికి ఇచ్చాడు. ఆ బావమరిది ఆయన కన్నా నాలుగేళ్లు వెనక చేరినవాడు, దారం తెగితే ముడి వెయ్యడం కూడా సరిగా చేతకానివాడు. సుబ్బరాయలు సంఘానికి వెళ్లాడు, అర్జీలు పెట్టాడు, గేటు ముందు కూర్చున్నాడు. ఆరేళ్లకు మేస్త్రీ అయ్యాడు. ఆ ఆరేళ్లలో ఆయనకు ఒక్కటి బోధపడింది. ఎవరు మంచివాడు, ఎవరు మనవాడు, ఎవరు ముద్దొస్తాడు అని చూడటం మొదలుపెడితే చివరికి బావమరుదులే పైకొస్తారు. చేరిన తేదీ ఒక్కటే ఎవరికీ చుట్టం కాదు.

తొమ్మిదేళ్ల కిందట మిల్లు మూతబడింది. మరునాడు సుబ్బరాయలు అలవాటు ప్రకారం తెల్లవారేసరికి లేచి, వెళ్లడానికి చోటు లేక పెరట్లోకి వచ్చాడు. అక్కడ భార్య మణియమ్మ పాలు పితుకుతోంది. ఆమె పద్ధతి చూసి ఆయన నిర్ఘాంతపోయాడు. ఏ ఆవు పొదుగు బిగిసి ఉంటే దాని దగ్గర కూర్చుంటోంది. ఏది పిలిస్తే దానికి గడ్డి వేస్తోంది. ఒక క్రమం లేదు, డ్యూటీ లేదు. వారం తిరక్కుండా ఆ డిపార్టుమెంటును ఆయన తన చేతిలోకి తీసుకున్నాడు. మణియమ్మకు పేడ ఎత్తడం, గడ్డి తేవడం, ఇళ్లకు పాలు పోయడం మిగిలాయి. ఆమె అడ్డు చెప్పకుండా తట్ట అందుకుంది. పనిలేని మగవాడు ఇంట్లో ఎలా తిరుగుతాడో ఆమె ఆ వారంలోనే చూసేసింది.

లచ్చిమి ఆ మరుసటి ఏడు తొలిచూలు ఈనింది. సుబ్బరాయలు పితకడం సరిగా నేర్చుకున్నది దాని దగ్గరే. గిల్లినట్టు పట్టుకున్నా, గోరు తగిలినా, కాలెత్తకుండా ఓర్చుకుని పాలు చేపేది. "ఇది మిల్లులో ఉండుంటే మేస్త్రీ అయ్యుండును" అనేవాడు సుబ్బరాయలు. ఆయన నోట అంతకు మించిన మెప్పు లేదు.

చిట్టి సంగతి వేరు. అది మణియమ్మది. దాని తల్లి ఈనిన మూడో రోజునే చచ్చిపోతే, మణియమ్మ సీసాకు రబ్బరు తిత్తి తగిలించి రెండు నెలలు దానికి పాలు పట్టింది. వానలు తగ్గేదాకా వంటింట్లోనే గోనెపట్టా పరిచి పడుకోబెట్టింది. పిల్లలు లేని ఇల్లు అది. ఆమె ఆ దూడను పిలిచే పిలుపు విని, వీధిలో కొత్తగా దిగినవాళ్లు లోపల చంటిబిడ్డ ఉందనుకునేవాళ్లు. ఆ చిట్టి ఇప్పుడు ఈని మూడు నెలలైంది. తొలిచూలుకే పూటకు అయిదు లీటర్లు ఇస్తోంది. వరసలో కడపటిది కాబట్టి, దాని దగ్గరికి వచ్చేసరికి సుబ్బరాయలు చేతులు అప్పటికే రెండు ఆవులను పితికి ఉండేవి.

ఒకరోజు పొద్దున పది గంటలకు టీకొట్టు ముకుందన్ మూత పెట్టిన గిన్నె పట్టుకుని వచ్చాడు. వీళ్ల పాలతోనే అతని కొట్టు నడిచేది. గిన్నెను అరుగు మీద పెట్టి, మూత తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. లోపల పచ్చటి నీళ్లు, వాటి మీద తెల్లటి ముద్దలు.

"మూడు దినాలుగా ఇట్లనే విరిగిపోతా ఉండాయన్నా" అన్నాడు ముకుందన్. "నేను పాత్ర మార్చి చూసినా. స్టవ్వు మార్చి చూసినా. కడాసికి టీ మాస్టర్ని గూడా మార్చి చూసినా."

"ఇది కొత్తగా చేరినోళ్ల పని" అన్నాడు సుబ్బరాయలు, ఏమాత్రం తడుముకోకుండా.

కొట్టంలోకి వెళ్లి చిట్టి పొదుగు పట్టి చూశాడు. వెనక ఎడమ వైపు రాయిలా గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఆ చన్ను నుంచి అరచేతిలోకి నాలుగు ధారలు తీస్తే పాలు నీళ్లలా పడ్డాయి, వాటిలో తెల్లని నలకలు. చిట్టి కాలెత్తి పక్కకు తప్పుకుంది.

"చూస్తివా" అన్నాడు మణియమ్మతో. "అనుభవం చాలదు దీనికి."

మణియమ్మ చెయ్యి పెట్టి చూసింది. పెరటి గోడ పక్కన పెరిగిన కలబంద మట్ట ఒకటి కోసుకొచ్చి, పసుపు, సున్నం వేసి రుబ్బి, పొదుగంతా పట్టు వేసింది. వేస్తూనే అంది. "పెద్దదాన్ని పిండిన చేత్తో దీన్ని ముట్టుకోవద్దయా. పెద్దదాని పాలు నాకు సరిగా లేవనిపిస్తా ఉండాది. నాలిక మీద వేసి చూసినా. ఉప్పగా ఉండాయి."

"లచ్చిమి పాలా?"

"ఆమా" అని తల ఊపింది మణియమ్మ.

"ఎనిమిదేండ్ల సర్వీసులో దాని మీద ఒక్క రిమార్కు లేదు" అని సుబ్బరాయలు ఆ మాటను అక్కడితో ముగించాడు.

నాలుగు రోజులు పట్టు వేశారు. వాపు కొంచెం తగ్గినట్టే తగ్గి, మళ్లీ పెరిగింది. అంతలో పక్కింటి సెంగమలం కోళ్లకు తెగులు తగిలింది. మెడలు వంకరపోయి, ఆకుపచ్చగా పారుకుంటూ, రోజుకు రెండు చొప్పున రాలిపోయాయి. రాణీఖెట్ అని చెప్పి, మిగిలినవాటికి టీకా చుక్కలు వెయ్యడానికి ఆసుపత్రి నుంచి పశువుల డాక్టరు వచ్చింది. పేరు అర్చిత. ఊళ్లో బట్టల కొట్టు పెట్టుకున్న తెలుగు కోమట్ల ఇంటి పిల్ల. ఆమె ఆఖరి కోడికి ముక్కులో చుక్క వేసి తల ఎత్తేసరికి ఎదురుగా మణియమ్మ నిలబడి ఉంది. మాటా పలుకూ లేకుండా చెయ్యి పట్టుకుని తమ కొట్టంలోకి తీసుకొచ్చేసింది.

డాక్టరు చిట్టి పొదుగు చూసింది, జ్వరం చూసింది. పొదుగువాపు అంది. ఒక సూది వేసి, చన్ను లోపలికి మందు ట్యూబు ఎక్కించింది. తర్వాత చేతులు కడుక్కుంటూ అడిగింది.

"తాతా, పిండేటప్పుడు ముందు దేని దగ్గర కూచుంటారు?"

"సీనియారిటీ ప్రకారం" అన్నాడు సుబ్బరాయలు. ఇన్నేళ్లకు చదువుకున్న మనిషి ఒకరు ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకు సంతోషంగా ఉంది. పలక చూపించాడు.

డాక్టరు పలక చదివింది. సంచిలోంచి తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం తీసింది. దానికి నాలుగు గుంటలున్నాయి, ఒక్కో చన్నుకు ఒక్కో గుంట. చిట్టి వైపు వంగబోతుంటే సుబ్బరాయలు అడ్డొచ్చాడు. పరీక్ష అయినా వరసలోనే జరగాలన్నాడు. ఆమెకు అర్థం కాకపోయినా పెద్దాయన మాట ఎందుకు కాదనాలని లచ్చిమి దగ్గర కూర్చుంది. నాలుగు గుంటల్లోకి నాలుగు చన్నుల పాలు పిండింది. ఊదారంగు మందు కలిపి పళ్లేన్ని మెల్లగా తిప్పింది. ముందు రెండు గుంటల్లో పాలు పల్చగా తిరిగాయి. వెనక రెండు గుంటల్లో కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడి, ఒక్క ముద్దగా కదిలాయి.

"జబ్బు దీంది తాతా" అంది డాక్టరు.

"దీనికి వాపు లేదు. వేడి లేదు. పాలు చూడమ్మా, ఎంత తెల్లగా ఉండాయో."

"బయటికి తెలీదు. లోపల్లోపలే ఏండ్ల తరబడి ఉండిపోతుంది. ఇది పాతది, తట్టుకుంటుంది. చిన్నది తట్టుకోలేదు. దీన్నించి దానికి మీ చేతుల మీదనే పోతా ఉండాది."

సుబ్బరాయలు ఇంకోసారి చూడమన్నాడు. ఇంకోసారి చూసింది. అదే ముద్ద. మందు పాతదేమోనన్నాడు. ఆమె సీసా తిప్పి తేదీ చూపించింది. తేదీ సరిగానే ఉంది. తేదీని కాదనే అలవాటు ఆయనకు లేదు. కావేరి పాలు నాలుగు గుంటల్లోనూ పల్చగానే ఉన్నాయి. దీనికి ఇంకా అంటుకోకపోవడం అదృష్టం అంది డాక్టరు.

తర్వాత ఏం చెయ్యాలో చెప్పింది. ఒక్కో ఆవుకు ఒక్కో గుడ్డ. పితికాక చన్నులను అయోడిన్ మందులో ముంచడం. పితకగానే మేత వేసి అరగంట సేపు పడుకోకుండా నిలబెట్టడం. అన్నింటికన్నా ముఖ్యం, పితికే వరస మార్చడం. ముందు జబ్బు లేని కావేరి, తర్వాత చిట్టి, అన్నింటికన్నా చివర లచ్చిమి.

"మిగతావన్నీ చేస్తానమ్మా. వరస కుదరదు" అన్నాడు సుబ్బరాయలు.

"ఏం కుదరదు?"

"సీనియర్ని కడాసికి తోసేదానికి నాకు అధికారం లేదు."

డాక్టరు మణియమ్మ వైపు చూసింది. మణియమ్మ పేడతట్ట వైపు చూసింది. "మీ వేళ్లు చూడండి, అన్నీ పగుళ్లే" అంది డాక్టరు చివరికి. "మీరెంత సబ్బు పెట్టినా ఆ పగుళ్ల లోపలికి పోదు తాతా." ఇంకో వీధిలో ఎవరివో కోళ్లు ఎదురుచూస్తున్నాయని ఫోనొస్తే వెళ్లిపోయింది.

సుబ్బరాయలు మొండివాడే గానీ దుర్మార్గుడు కాదు. అన్న మాట ప్రకారం మిగతావన్నీ చేశాడు. మూడు గుడ్డలు కొత్తవి చింపి, అంచున ఒకటి, రెండు, మూడు అని రంగుదారంతో గుర్తులు కుట్టాడు. ఆవు ఆవుకూ మధ్య వేణ్నీళ్లతో, సబ్బుతో, మోచేతుల దాకా రుద్దుకున్నాడు. అయోడిన్ గిన్నె పట్టుకుని చన్ను చన్నుకూ వంగాడు. నడుము పట్టేసినా మానలేదు. వరస మాత్రం లచ్చిమి, కావేరి, చిట్టి. ఎందుకంటే, ఆలోచించిన కొద్దీ ఆయనకు ఆ పళ్లెమే కళ్లలో మెదిలింది. మిల్లులో ఆయన్ను వెనక్కి తోసిన రోజున పై అధికారి చేతిలోనూ ఒక కాగితం ఉంది. దాని మీద ఏవో అంకెలున్నాయి, ఎవరి చేతి కింద ఎంత నూలు వచ్చిందో చూపించే అంకెలు. ఇవాళ ఒక పళ్లేన్ని చూసి లచ్చిమిని వెనక్కి నెడితే, ఆ కాగితం కూడా సరైనదే అవుతుంది. అప్పుడు ఆరేళ్లు గేటు ముందు ఎందుకు కూర్చున్నట్టు?

పన్నెండు రోజులు గడిచాయి. చిట్టి మేత తగ్గించింది. నడిచేటప్పుడు వెనక కాళ్లు ఎడం చేసి నడిచేది. సుబ్బరాయలు చేతులు రుద్దుకుని దగ్గరికి వస్తుంటేనే చెవులు వెనక్కి పెట్టి గోడకు ఒరిగేది. మణియమ్మ రోజూ పేడ ఎత్తుతూ చూసేది.

డాక్టరు మళ్లీ వచ్చింది. ఈసారి కోళ్ల కోసం కాదు, మణియమ్మ వెళ్లి పిలుచుకొచ్చింది. వెనక ఎడమ చన్నును వేళ్ల మధ్య నెమ్మదిగా నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది.

"ఈ చన్ను పోయింది అవ్వా. ఇంగ దీంట్లో పాలు రావు." చెయ్యి పక్కకు జరిపింది. "కుడి వైపుది గూడా వాస్తా ఉండాది. వరస మార్చినారా?"

సుబ్బరాయలు దూలం వైపు చూశాడు.

"లేదు" అంది మణియమ్మ.

"మారిస్తే ఇది నిలబడుతుంది. మార్చకపోతే ఇదీ పోతుంది, ముందువీ పోతాయి. అప్పుడు దీన్ని కొనేదానికి వచ్చేవాడు పాల కోసం రాడు." డాక్టరు గొంతు ఎక్కడా పెంచలేదు. ట్యూబులు ఇచ్చి, పూటకు ఒకటి చొప్పున ఎక్కించమని, పాలు పొదుగులో నిలవ ఉంచవద్దని, వేళ తప్పకుండా పిండమని చెప్పి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం రెండున్నరకు సుబ్బరాయలు చేతులు కడుక్కుని, బకెట్టు పట్టుకుని కొట్టం దగ్గరికి వచ్చాడు. గడపకు అడ్డంగా మణియమ్మ కూర్చుని ఉంది. ఒక ద్వారబంధానికి వీపు ఆన్చి, రెండో ద్వారబంధానికి కాళ్లు తన్నిపెట్టింది. పక్కన పేడతట్ట బోర్లించి ఉంది.

"ఏంది?" అన్నాడు.

"స్ట్రైకు."

"ఎవరి మీద?"

"మేనేజ్‌మెంటు మీద."

సుబ్బరాయలు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఈ తొమ్మిదేళ్లలో కొట్టానికి ఒక మేనేజ్‌మెంటు ఉందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. తను ఎప్పుడూ కార్మికుణ్ణే అనుకున్నాడు. కాసేపు నిలబడి, చేసేది లేక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అడ్డం కూర్చున్న మనిషిని దాటి పనిలోకి పోవడమన్నది ఆయన ఒంట్లో లేదు. కాళ్లు ఒప్పుకోవు.

మూడింటికి ముకుందన్ పాలక్యాను పట్టుకుని వచ్చాడు. పొదుగువాపు బయటపడ్డాక అతను ఒక్క కావేరి పాలు మాత్రమే తీసుకుంటున్నాడు. సంగతి కనుక్కుని, పరిస్థితి చూసి, తన బుద్ధికి తోచింది చెప్పాడు. "వదిన కాళ్ల పక్కన సందు ఉండాదన్నా. అట్ల దాటుకోని పోతే అయిపాయ."

"నన్ను కరుంగాలి కమ్మంటావా?" అన్నాడు సుబ్బరాయలు.

సమ్మె దాటి లోపలికి పోయినవాణ్ణి మిల్లులో ఆ పేరుతోనే పిలిచేవారు. ఒకసారి ఆ పేరు పడితే వాడి ఇంట్లో పెళ్లికీ చావుకూ కూడా జనం గడప తొక్కరు. ముకుందన్‌కు అది తెలుసు. నోరు మూసుకుని క్యాను మీదే కూర్చున్నాడు. తర్వాత ఏమవుతుందో చూడకుండా వెళ్లడం అతని వల్ల కాలేదు.

లోపల ఆవులు అరవడం మొదలుపెట్టాయి. ముందు లచ్చిమి, తర్వాత కావేరి. చిట్టి అరవలేదు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటూ నిలబడింది. దాని మంచి చన్నుల చివర పాలచుక్కలు వేలాడుతున్నాయి. పాలు నిలవ ఉంటే ఏమవుతుందో డాక్టరు చెప్పిన మాట సుబ్బరాయలు చెవుల్లో తిరుగుతూనే ఉంది. అర్ధగంట అయ్యేసరికి ఆయన కూర్చోలేకపోయాడు.

"డిమాండు ఏందో చెప్పు" అన్నాడు.

"డాక్టరమ్మ చెప్పిన వరస."

"అది కాకుండా ఇంగేమైనా ఉంటే చెప్పు, మాట్లాడుదాం."

"ఇంగేమీ లేదు."

"ఇదో చూడు మణీ. చిట్టి అంటే నీకు ముద్దు. ముద్దని ఒకర్ని ముందుకు తెచ్చేది అన్యాయం. ఆరేండ్లు నేను దీని కోసరమే గదా కొట్లాడింది. నీకు తెలీదా?"

"తెలుసు. ఆ ఆరేండ్లూ గేటు కాడికి అన్నం తెచ్చిచ్చింది నేనే."

"మరి?"

మణియమ్మ కాళ్లు దగ్గరికి తీసుకుని సర్దుకు కూర్చుంది. "సరి. సీనియారిటీ ప్రకారమే పోదాం. ఈ కొట్టంలో నీవు ఎప్పుడు చేరితివి?"

"మిల్లు మూసినాక."

"ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

"నేను?"

సుబ్బరాయలు వేళ్లు మడిచి లెక్కపెట్టసాగాడు. ఆమె తొందరపెట్టలేదు.

"పెండ్లయిన నెలకు మా అమ్మ పెయ్యనిస్తే, విల్లియనూరు నుంచి ఈడదాకా దాన్ని తోలుకోని నడిచి వస్తిని" అంది. "ఈ లచ్చిమికి అవ్వకు అవ్వ అది. ముప్పై ఎనిమిదేండ్లు. నాలుగేండ్లు వెనక చేరినోడు నీ మీద కూచున్నాడని నీవు ఆరేండ్లు గేటు కాడ కూచుంటివి. ఇరవై తొమ్మిదేండ్లు వెనక చేరినోడు నా మీద కూచున్నాడు. నేను తొమ్మిదేండ్లు పేడెత్తినా."

సుబ్బరాయలు ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికాడు. ముప్పై ఎనిమిదిలోంచి తొమ్మిది తీసేశాడు. ఇరవై తొమ్మిదే వచ్చింది. వేళ్ల మీద ఇంకోసారి తీశాడు. మధ్యలో ఆమె సెలవు పెట్టిన కాలం ఏమైనా ఉందా అని ఆలోచించాడు. ఒక్క పూట కూడా గుర్తుకు రాలేదు. టైఫాయిడ్ వచ్చిన ఏడు కూడా ఆమె గోడ పట్టుకుని వచ్చి పితికింది. తలకొట్టేసినట్టయింది ఆయనకు.

"వదిన చెప్పేది రూలే అన్నా" అన్నాడు ముకుందన్.

"నిన్నెవరు అడిగినారు?" అన్నాడు సుబ్బరాయలు. లేచి, బకెట్టు మళ్లీ కడిగి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు. మిల్లులో ఓడిపోయిన మేనేజ్‌మెంటు కూడా ఏమీ అనేది కాదు, సంతకం పెట్టేది.

మణియమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. చేతులు కడుక్కుంది. "పెద్దదాన్ని కడాసిలో నీవు పిండు" అంది. "దాన్ని తప్ప ఇంగ దేన్నీ ముట్టుకోవద్దు."

బకెట్టు తీసుకుని లోపలికి నడిచింది. లచ్చిమి మెడ చాచింది. బకెట్టు దాని మూతి ముందు నుంచి కదిలి కావేరి దగ్గర ఆగింది. లచ్చిమి తల తిప్పి బకెట్టును చూసింది, తర్వాత సుబ్బరాయలును చూసి గట్టిగా అరిచింది. ఆయనకు దాని మొహం చూడటానికి మొహం చెల్లలేదు. పక్కనే నిలబడి, దాని వీపు మీద ఈగలు తోలుతున్నట్టు చెయ్యి ఆడించాడు. ఆ పూట ఈగలు పెద్దగా లేవు.

కావేరి అయ్యాక మణియమ్మ ఆ పాలు ముకుందన్ క్యానులో పోసింది. అతను ఇక చూడటానికేమీ లేదనుకుని వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ చేతులు కడుక్కుని, వేరే గిన్నె తీసుకుని చిట్టి దగ్గర కూర్చుంది. గుడ్డతో తుడిచి, నుదురు దాని డొక్కకు ఆన్చింది. చిట్టి చెవులు వెనక్కి పెట్టలేదు. గోడకు ఒరగలేదు. కాళ్లు రెండూ నేల మీద సరిగా పెట్టుకుని నిలబడింది. రెండు నిమిషాల్లో చేపింది. గిన్నెలో ధారలు పడే చప్పుడు ఆగకుండా వినిపించింది.

ముందు రెండు చన్నులు అయ్యాయి. వాచిన కుడి చన్నును ఆమె నొప్పి తెలియకుండా కొంచెం కొంచెంగా తీసి, నలకల పాలను వేరే చిప్పలోకి పిండింది. అలవాటు కొద్దీ చెయ్యి నాలుగోదాని మీదకు వెళ్లింది. దాన్ని పట్టుకుంది. ఒక క్షణం అలాగే ఉంచి వదిలేసింది.

సుబ్బరాయలు అది చూశాడు. మిల్లు గేటుకు తాళం పడ్డ రోజున ఆయన ఏడవలేదు. ఇప్పుడు కళ్లు తుడుచుకోబోయి, చేతులు చూసుకుని, భుజంతో తుడుచుకున్నాడు.

"నేనే గదా మణీ దానికి ఇచ్చింది. ఈ చేతులతో నేనే ఇచ్చినా."

"ఆమా" అంది మణియమ్మ. పితకడం ఆపలేదు.

"ఒక మాట ముందే చెప్పుండకూడదా నాకు?"

"చెప్పినా."

"ఎప్పుడు చెప్తివి?"

"పట్టు వేసిన దినమే చెప్పినా" అంది ఆమె, కోపం లేకుండా. "అప్పటికి నా వంతు రాలేదు. అందుకని నీకు వినబడలా."

లచ్చిమి మళ్లీ అరిచింది. సుబ్బరాయలు దాని మెడ మీద చెయ్యి వేసి, మణియమ్మ లేచేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.